పిల్లికి మడి లేదు

తెల్లవారుజాము ఫజర్ అజాన్ అయిపోయింది. హుస్సేనీ ఆలం గల్లీలో పాలవాడి సైకిల్ గంట ఇంకా మోగలేదు. రాధాబాయి కళ్ళు తెరిచి మొట్టమొదట తన కాళ్ళ వైపు చూసుకుంది. కాళ్ళ మీద దుప్పటి తప్ప ఇంకేమీ లేదు. పిల్లి ఈ రోజు కూడా రాలేదు.

మిగతా ఇల్లంతా మామూలుగానే ఉంది. పెరట్లో బావి గిలక కిర్రుమంటోంది. కోడలు సులోచన నీళ్ళు తోడుకుని, ఆ చన్నీళ్ళే నెత్తిన గుమ్మరించుకుని, తడిచీరతో వణుకుతూ వంటింట్లోకి పోయింది. ధనుర్మాసం కదా. గల్లీ చివర ఉన్న స్వామి గుడి చాలా చిన్నది, దానికి వంటశాల లేదు. అందుకని ఈ నెలంతా తెల్లవారేసరికి పొంగలి ఈ ఇంటి నుంచే వెళ్ళాలి. రాధాబాయి భర్త రామానుజం ఆ గుడి పూజారి. ఆయన అక్కడ పొంగలి కోసం ఎదురుచూస్తుంటాడు, ఆయనతో పాటు స్వామీ ఎదురుచూస్తుంటాడు.

కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ పొంగలి వండింది రాధాబాయే. ఈసారి నెల మొదట్లోనే ఆమెకు జ్వరం తగిలింది. జ్వరం వచ్చిన మనిషికి స్నానం లేదు, స్నానం లేని మనిషికి మడి లేదు. మంచం ముందుగదిలో పడింది, గరిటె కోడలి చేతికి పోయింది. గరిటె పోయినందుకు రాధాబాయికి కలిగిన బాధ జ్వరం బాధకేమీ తీసిపోదు. కానీ ఆమెకు అప్పుడు పిల్లి తోడుంది.

ఆ పిల్లికి రెండు పేర్లు. పక్కింటి మహబూబ్ బీ బియ్యం బస్తాల వెనక పుట్టింది కాబట్టి అక్కడ దాని పేరు మున్నీ. రెండిళ్ళ మధ్య గోడకున్న చిన్న కిటికీలోంచి దూరి ఇక్కడికి వచ్చాక బంగారి. ఏ పేరుతో పిలిచినా పలికేది కాదు, తనకు బుద్ధి పుట్టినప్పుడు వచ్చేది. అలాంటిది, రాధాబాయి జ్వరంతో మంచమెక్కిన రోజు నుంచి ఆమెను విడిచి కదల్లేదు. గుండె మీద, కాళ్ళ మీద, కడుపు పక్కన ముడుచుకుని పడుకునేది. చూడవచ్చిన వాళ్ళందరికీ రాధాబాయి మూలుగు ఆపి మరీ చూపించేది.

"చూసిన్రా? కడుపుల పుట్టినోడు పొద్దుగాల టిఫిన్ డబ్బ పట్టుకొని ఆఫీసుకు పోతడు. ఇది మాత్రం నన్ను ఇడిసి పోతలేదు."

తర్వాత హకీం అజ్మత్ అలీ వచ్చి, నాడి పట్టుకుని, బుఖార్ దిగిపోయిందమ్మా, జోషాందా కషాయం ఆపెయ్యొచ్చు, తలకు పోసుకుని పథ్యం అన్నం తినొచ్చు అని చెప్పి వెళ్ళాడు. ఆ రోజే పిల్లి మంచం దిగి, ఒళ్ళు విరుచుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

అప్పటి నుంచి రాధాబాయికి ఒకటే అయోమయం. హకీం బాగైందంటాడు. పిల్లి విడిచిపోయింది. మనిషికి కాలం దగ్గర పడితే జంతువుకు ముందే తెలుస్తుందని ఆమె చిన్నప్పటి నుంచి విన్నది. హకీంని నమ్మాలా, పిల్లిని నమ్మాలా? ఆలోచించి ఆలోచించి ఆమె పిల్లినే నమ్మింది. పథ్యం స్నానం చెయ్యనని మొండికేసింది. ఆకలి మాత్రం బాగా వేస్తోంది. అన్నం తిన్నంత సేపూ తిని, కంచం తీయగానే మళ్ళీ మూలిగేది. తాను జబ్బు మనిషో, బాగైన మనిషో ఆమెకే తెలియడం లేదు.

అంతకన్నా మింగుడుపడని సంగతి ఇంకొకటుంది. ఆ పిల్లి పోయి పోయి సులోచనను పట్టుకుంది.

ఇప్పుడు కూడా మంచం మీద నుంచి చూస్తే కనిపిస్తూనే ఉంది. వంటింటి గడప దాటి బంగారి లోపలికి పోయింది. పొయ్యి దగ్గర గొంతుక్కూర్చున్న సులోచన వీపుకు ఒళ్ళు రుద్దుకుని, ఆమె మోకాళ్ళ మీదకి ఎక్కబోయింది.

"సులోచనా! పిల్లి ముట్టుకుంది. మడి పోయింది. ఇంకోపారి తానం చేసి మొదలుపెట్టు."

సులోచన తలెత్తి చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొయ్యి పొగ అనుకోవాలి మరి.

"మీరే అంటుంటిరి కద అత్తమ్మా, పిల్లికి మడి లేదని."

ఆ మాట నిజమే. గల్లీలో ఏ ఇంట మడి సందేహం వచ్చినా తీర్చేది రాధాబాయే. కుక్క ముట్టుకుంటే స్నానం చెయ్యాలి, పిల్లి ముట్టుకుంటే అక్కర్లేదు అని ఎందరికో చెప్పింది. బంగారి ఆమె మడిచీర మీద బజ్జున్న రోజులు కూడా ఉన్నాయి.

"అప్పుడు అది ఇంటి పిల్లి. ఇప్పుడు రోగిష్టిదాని పక్క మీద పండిన పిల్లి. దేవుని పనికి పనికిరాదు. నాకే నేర్పుతున్నవా?"

అది శాస్త్రం కాదని, కడుపుమంట అని రాధాబాయికి లోలోపల తెలుసు. తెలిసీ అంది. సులోచన లేచి, గోడ పట్టుకుని కొంచెంసేపు నిలబడి, బావి దగ్గరికి పోయింది. గిలక మళ్ళీ కిర్రుమంది.

మధ్యాహ్నం గోడ కిటికీలో మహబూబ్ బీ ముఖం కనిపించింది. ఆమె రోజూ ఆ వేళకు వచ్చి, కిటికీ అవతల పీట వేసుకుని, వక్కలు కత్తిరించుకుంటూ కూర్చుంటుంది.

"ఎట్లున్నవ్ రాధాబాయీ?"

"ఎట్లుంట? నీ పిల్లి నన్ను ఇడిసిపెట్టి పోయింది. అంటే ఇంక నా పని అయిపోయినట్టే కద?"

మహబూబ్ బీ అడకత్తెర ఆపి ఆలోచించింది. "ఏమో అమ్మా. మా మామగారు పోయేటప్పుడు పిల్లి ఆయన ఛాతీ మీదనే కూసుంది, దిగనే లేదు. పిల్లి ఇడువకపోతే కష్టమని మా అత్త అంటుండె."

"ఇడువకపోతే కష్టమా, ఇడిస్తే కష్టమా?"

"అదే నాకు సమజైతలేదు. మా చిన్నమ్మ పోయేముంగట మేక మూడు దినాలు గడ్డి ముట్టలే. కానీ అది పోయినేడు కూడ గట్లనే చేసింది, అప్పుడు ఎవ్వరు పోలే." మహబూబ్ బీ తల గోక్కుంది. "ఇంతకూ సులోచన ఏది? దాని ముఖం గంత వాడిపోయింది ఏంది?"

"ధనుర్మాసంల మడి కట్టుకునేటోళ్ళ ముఖం గట్లనే ఉంటది. నేను కట్టలేదా ఇన్నేండ్లు?"

"నేను ఒక్కపారి దాన్ని ముట్టుకొని చూస్తనంటే, మీకు మళ్ళ తానమాయె." మహబూబ్ బీ నిట్టూర్చి, వక్కలు కత్తిరించుకుంది.

నిజంగానే ఆ నెలలో సులోచనను ముట్టుకునే మనిషి లేడు. ప్రసాదం వండే మనిషికి నెలంతా వేరే చాప, వేరే చెంబు, దేవుడి గదిలో పడక. ఆ నియమం పెట్టింది రాధాబాయే. మామగారు దూరం నుంచే పొంగలి గిన్నె అందుకుంటాడు. మొగుడు రఘునాథ్ ముందుగదిలో తల్లి మంచం పక్కన పడుకుంటాడు. నియమాలు తెలియనిది ఆ ఇంట్లో పిల్లి ఒక్కటే.

సాయంత్రం రఘునాథ్ ఆఫీసు నుంచి వచ్చాడు. కొత్త రాష్ట్రం వచ్చినప్పటి నుంచి అతనికి ఆఫీసులో వేరే అయోమయం. ఉర్దూలో నేర్చుకున్న పనంతా ఇంగ్లీషులో మళ్ళీ నేర్చుకుంటున్నాడు. ఇంటికొచ్చేసరికి తల బరువెక్కి ఉంటుంది. చెప్పులు విప్పక ముందే తల్లి అందుకుంది.

"రఘూ, నీ పెండ్లానికి చెప్పు. నా పిల్లిని మచ్చిక చేసుకుంటుంది. ఏం పెడుతుందో ఏమో. నేను పోకముందే నా పిల్లిని, నా పొయ్యిని, అన్నీ తీసేసుకుంటుంది."

"అమ్మా, పిల్లి కోసం లొల్లి ఏందే?"

"పిల్లి కోసం కాదురా!" అని రాధాబాయి బావురుమంది. "పానం పోయేటప్పుడు కూడ నా దగ్గర ఎవ్వరు ఉండరా?"

తల్లి ఏడిస్తే రఘునాథ్‌కి కాళ్ళూ చేతులూ ఆడవు. వంటింటి గడప ఇవతల నిలబడి భార్యను పిలిచాడు.

"సులోచనా, ఆ పిల్లిని దగ్గరికి రానియ్యకు. అమ్మ పరేషాన్ అయితుంది."

సులోచన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పిల్లి ఆమె ఒడిలో ఉంది. "నేను పిలుస్తలేను," అంది. "అదే వస్తుంది. మొఘల్‌పురా పోవాలె అంటుంది."

"ఎవరు, పిల్లా?"

సులోచన అతని వైపు అర్థం కానట్టు చూసింది. మొఘల్‌పురా ఆమె పుట్టిల్లు. పుట్టింటికి పోతానని పిల్లి మీద పెట్టి చెబుతోందని రఘునాథ్ అనుకున్నాడు. ఇటు అమ్మ అలిగింది, అటు పెండ్లాం అలిగింది. మూడోది పిల్లి. దాన్ని బుట్టలో పెట్టి, మూత వేసి, తీసుకెళ్ళి మహబూబ్ బీ చేతికిచ్చి వచ్చాడు. అతను కాళ్ళు కడుక్కునే లోపల అది గోడ కిటికీలోంచి దూరి, సులోచన దగ్గరికి చేరిపోయింది.

మర్నాడు తెల్లవారుతుండగా గిలక చప్పుడు వినబడింది. చాలాసేపు వినబడింది, చేద పైకి రావడానికి అంతసేపు పట్టింది. తర్వాత గిన్నెల చప్పుడు. తర్వాత ఏమీ లేదు. రామానుజం గుడి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏందే, పొంగలి కాలేదా? భక్తులు కూసున్నరు."

రాధాబాయి ఇక ఆగలేకపోయింది. మంచం దిగి, గోడ పట్టుకుని వంటింటి గడప దాకా నడిచింది. తన కాళ్ళు వణకడం లేదని ఆమె గమనించనే లేదు. లోపల పొయ్యి మీద గిన్నెలో బియ్యం, పెసరపప్పు అడుగంటుతున్నాయి. పొయ్యికి దూరంగా, గోడకు చేరబడి సులోచన కూర్చుని ఉంది. ఒడిలో పిల్లి ముడుచుకుని కళ్ళు మూసుకుంది.

రాధాబాయి చూపు పిల్లి మీద నుంచి చీర మీదకి పోయింది. చీర పొడిగా ఉంది.

"తానం చెయ్యలేదా నువ్వు? పొడిచీరతోని దేవునికి వండుతున్నవా? గిలక చప్పుడు చేసి నా చెవుల పువ్వు పెడుతున్నవా?"

"చేసిన అత్తమ్మా," అంది సులోచన మెల్లగా.

"చేస్తే చీర గిట్ల పొడిగుంటదా? ఏమండీ, చూడున్రి! రఘూ, నువ్వూ చూడు నీ పెండ్లాం మడి!"

రఘునాథ్ పరుగున వచ్చాడు. "తానం చేసిందమ్మా. నేను చూసిన. చేద గుంజుతుంటే చేయి పట్టు తప్పింది, నేను గుంజుతనంటే వద్దన్నది, మడి పోతదని."

"నిజమే," అన్నాడు రామానుజం నేల వైపు చూస్తూ. "బావి కాడికెంచి గడప దాకా తడి ఉంది కదనే."

రాధాబాయి నేల చూసింది. బావి దగ్గర నుంచి వంటింటి దాకా తడి పాదాల గుర్తులు ఉన్నాయి, ఇంకా ఆరలేదు. బండలు ఆరలేదు, చీర ఆరిపోయింది. ఇదేం విడ్డూరం? ఎన్నో ధనుర్మాసాలు ఆమె తడిచీరతో ఆ పొయ్యి ముందు కూర్చుంది. ఆ చలిలో చీర ఎంతసేపటికి ఆరుతుందో ఆ గల్లీలో ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు. పొంగలి ఉడికి, పోపు పడి, గుడికి పోయి, సూర్యుడు గోడ ఎక్కాక కూడా అంచులు తడిగానే ఉండేవి.

పైగా పిల్లి. నీటి చుక్క పడితే పారిపోయే జంతువు తడిచీర మీద ఎలా పడుకుంది?

రాధాబాయి ఒక అడుగు ముందుకేసి, వంగి, పిల్లిని ఒడిలోంచి లాగేసింది. చేతులకు దాని పొట్ట తగిలింది. పొయ్యి మీద నుంచి దించిన గిన్నెలా వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం ఆమెకు గుర్తొచ్చింది. తాను జ్వరంతో కాలిపోతున్న రోజుల్లో పిల్లి పొట్ట ఇలాగే ఉండేది. జ్వరం దిగిన రోజు అది వెళ్ళిపోయింది. చలికి వెచ్చదనం వెతుక్కుంటూ వచ్చిన జంతువు, వెచ్చదనం పోగానే లేచిపోయింది. తన మీద ప్రేమతో ఉండలేదు, తాను చనిపోతానని వెళ్ళనూ లేదు. వెచ్చటి చోటు ఎక్కడుంటే అక్కడికి పోయింది. అంటే ఇప్పుడు...

పిల్లి ఆమె చేతుల్లోంచి జారి, మళ్ళీ సులోచన ఒడిలోకి దూకింది.

"ముట్టుకోకే! ప్రసాదం పొయ్యి మీదుంది!" అని రామానుజం అరుస్తూనే ఉన్నాడు. రాధాబాయి చేయి అప్పటికే సులోచన నుదుటి మీద ఉంది.

చేయి చురుక్కుమంది. మెడ మీద పెట్టింది, చేతుల మీద పెట్టింది. ఒళ్ళంతా నిప్పు. ఎన్ని రోజులుగా ఇలా ఉందో! కళ్ళు ఎర్రబడితే పొగ అనుకున్నారు. వణికితే తడిచీర అనుకున్నారు. మాట తప్పితే అలక అనుకున్నారు. పిల్లి మాత్రం ఏమీ అనుకోకుండా వచ్చి పక్కన పడుకుంది.

"అయ్యో తల్లీ! చెప్పలేదేందే? గింత జరం పెట్టుకొని..."

సులోచన ఆ మాట వినలేదు. అత్త చేయి తన మీద పడిందని మాత్రం ఆమెకు తెలిసింది. గోడ పట్టుకుని లేచింది. తూలుతూ గుమ్మం వైపు నడిచింది.

"ఎక్కడికే?"

"మడి పోయింది కద అత్తమ్మా," అంది సులోచన. "తానం చేసొస్త. ఇంకోపారి చేసొస్త. కోప్పడకున్రి."

రాధాబాయి ఒక్క ఉదుటున పోయి ఆమెను రెండు చేతులతో చుట్టుకుంది. సులోచన విడిపించుకోబోయింది. వద్దు అత్తమ్మా, మైల, ప్రసాదం, అంటూ ఏవేవో అంది. రాధాబాయి వదలకుండా పట్టుకుని గట్టిగా ఏడ్చింది.

"తానం లేదు, ఏం లేదు. నేను పాపిష్టిదాన్ని. పిల్లి మీద అసూయతోని నీ నెత్తి మీద చన్నీళ్ళు పోయించిన. పిల్లికి మడి లేదని నాకు తెల్వదా? తెలిసే పోయించిన బిడ్డా!"

రామానుజం పొయ్యి దగ్గరికొచ్చి, అడుగంటిన గిన్నెను తానే దించాడు. తండ్రి కసిరితే గాని రఘునాథ్ హకీం కోసం పరుగెత్తలేదు.

"మరి స్వామికి నైవేద్యం?" అంది రాధాబాయి ఏడుస్తూనే.

"పాలు, బెల్లం పెడత. ఆయన ఏమనడు," అన్నాడు రామానుజం. "ఇంట్ల గింత జరిగినంక కూడ పొంగలి కావాలంటే, నేనే ఆయన్ని నాలుగు మాటలు అంట."

అజ్మత్ అలీ సాహెబ్ నాడి చూసి, వీపుకు చెవి ఆనించి విన్నాడు. ముఖం గంభీరంగా పెట్టాడు. "ఊపిరితిత్తులకు చలి పట్టింది. ఇది నా కషాయానికి లొంగదు, సూది మందు కావాలె. డాక్టర్‌ని పిలువున్రి, దేర్ చేయకున్రి, ఆలస్యం పనికిరాదు. ఇంకా రెండు దినాలు చన్నీళ్ళు పోసుకొని ఉంటే..." అని ఆపేశాడు. రాధాబాయి ముందుగదిలో తన మంచం మీది పరుపు దులిపి, కోడలికి పక్క వేసింది.

ఆ రోజే రాధాబాయి పథ్యం స్నానం చేసింది. ఎవరూ బతిమాలలేదు. మర్నాటి నుంచి మళ్ళీ ఆమే మడి కట్టుకుంది, ఆమే పొంగలి వండింది. డాక్టర్ వచ్చి సూదులు వేసి పోతున్నాడు. మహబూబ్ బీ కిటికీలోంచి రోజూ దానిమ్మ రసం పంపుతోంది. కిటికీలోంచి వచ్చిన పానీయం తాగొచ్చా అని రఘునాథ్ తల్లిని అడగబోయాడు. ఆమె అప్పటికే కోడలికి తాగిస్తోంది.

పిల్లి సులోచన మంచం మీదే ఉంది. దాన్ని ఎవరూ తరమలేదు. రాధాబాయి దానికి పాలు కూడా మంచం దగ్గరికే తెచ్చి పెట్టేది. పొద్దున్నే లేవగానే మొదట పిల్లి వైపు చూసేది. అది ఇంకా ముడుచుకునే ఉంటే జ్వరం ఇంకా దిగలేదన్నమాట. ఇదివరకు ఎందుకు పోయిందా అని ఏడ్చింది, ఇప్పుడు ఎందుకు పోదా అని ఏడుస్తోంది.

ఒక పొద్దున ఆమె పొంగలి దించి చూసేసరికి మంచం మీద సులోచన ఒక్కతే ఉంది. పిల్లి పెరటి గోడ మీద ఎండ పడే చోట బారుగా పడుకుని ఉంది.

రాధాబాయి గిన్నె అక్కడే పెట్టి, మడిచీరతోనే ముందుగదిలోకి పరుగెత్తింది. కోడలి నుదుటి మీద చేయి పెట్టింది. చల్లగా ఉంది. నమ్మకం కుదరక చెంప మీద పెట్టింది, మెడ మీద పెట్టింది. చల్లగానే ఉంది.

"పోయింది! రఘూ, పిల్లి పోయిందిరా!" అని అరిచింది. రఘునాథ్ భయపడి లేచి వచ్చాడు. తల్లి ఏడుస్తోంది, సులోచన నవ్వుతోంది. ఏం జరిగిందో అర్థం చేసుకోవడానికి అతనికి కొంచెం సమయం పట్టింది.

"పొంగలి గుడికి పోనేలేదు, నన్ను ముట్టుకుంటిరి అత్తమ్మా," అంది సులోచన నీరసంగా. "మడి పోయింది."

"పోతే పోనీ." రాధాబాయి కొంగుతో ముఖం తుడుచుకుని పెరట్లోకి పోయింది. చేద బావిలోకి వదిలింది. గిలక చప్పుడుకు గోడ కిటికీలో మహబూబ్ బీ ముఖం కనిపించింది.

"ఏంది రాధాబాయీ, ఇందాకనే చేసినవు కద తానం?"

"చేసిన. మళ్ళ చేస్తున్న."

ఆమె చన్నీళ్ళు నెత్తిన పోసుకుని, వణుకుతూ, తడిచీరతో వంటింటి వైపు నడిచింది. మళ్ళీ బియ్యం కడగాలి, మళ్ళీ పొయ్యి రాజెయ్యాలి, గుడిలో మొగుడు ఎదురుచూస్తుంటాడు. ముందుగది గుమ్మం దగ్గరకు రాగానే ఆగిపోయింది. సులోచన కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోయిందా, మళ్ళీ జ్వరం వచ్చిందా? ఇక్కడి నుంచి చూస్తే తెలియదు.

ఒక్క క్షణం వంటింటి వైపు చూసింది. తర్వాత లోపలికి పోయి, తడిచేతిని చీర అంచుకు తుడుచుకుని, కోడలి నుదుటి మీద పెట్టింది.

సులోచన కళ్ళు తెరిచింది. "మళ్ళనా అత్తమ్మా? మళ్ళ తానం చెయ్యాలె."

"చేస్త," అంది రాధాబాయి చేయి తీయకుండా. "బావిల నీళ్ళున్నయి కద బిడ్డా."